జపాను ముత్తైదువలు

మద్దమ్మ కువైటుకు వచ్చిన మొదటి పది రోజులు గదికి లోపల గడియ పెట్టుకుని, చాలదన్నట్టు ఆ తలుపుకు ఇస్త్రీ బల్ల కూడా అడ్డం జరుపుకుని పడుకుంది. ఆ ఇంటి యజమాని ఎనిమిది మంది పెళ్లాలను పొట్టన పెట్టుకున్నవాడని ఆమెకు గట్టి నమ్మకం.

తప్పు ఆమెది కాదులెండి. మాది రాయచోటి పక్క. మా వైపు ఒంటరి ఆడదాని పటం గోడ మీద ఉందంటే ఆమె పోయిందనే అర్థం. ఆ ఇంట్లో హాలు గోడకు వరసగా ఎనిమిది పటాలు, ఎనిమిది మంది ఆడవాళ్లు. ఒక్కరి పక్కన కూడా మొగుడు లేడు, చంకలో బిడ్డ లేదు. అందరూ పాతికేళ్ల లోపు వాళ్లే. అందరి చూపూ నేలకే. ఒకామె తల దువ్వుకుంటోంది, ఒకామె గోళ్లు తీసుకుంటోంది, ఒకామె మంచులో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పాపం ఏ పని చేసుకుంటుండగా ప్రాణం పోయిందో ఆ పనిలోనే పటం గీయించి పెట్టారనుకుంది మద్దమ్మ. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, తొమ్మిదోదని లెక్క వేసుకుంది. ఆమెకు రోజూ దిష్టి కూడా తీసేది, కాఫీ ఇచ్చే నెపంతో గ్లాసు మూడు సార్లు తిప్పి.

పదకొండో రోజు ఇక ఉండబట్టలేక, నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కలు కూడదీసుకుని, గోడ వైపు చెయ్యి చూపించి అడిగేసింది. "మామా, కుల్లు మౌత్?" అందరూ చచ్చిపోయినారా అని.

మామా పేరు ఫౌజియా. బడిలో బొమ్మలు గీయడం నేర్పే టీచరమ్మ. ఆమె సోఫాలో పడి నవ్విన నవ్వుకు బాబా, అంటే ఇంటి యజమాని, మేడ మీద నుంచి దిగి వచ్చాడు. విషయం తెలిసి ఆయన నవ్వలేదు. తనను చూస్తే ఎనిమిది మందిని చంపినవాడిలా ఉన్నాడా అని అద్దంలో చూసుకున్నాడట.

అప్పుడు చెప్పింది మామా. బాబా ఉద్యోగం మీద మూడేళ్లు జపానులో ఉన్నారు. అక్కడ ఒక్కొక్కరినే ఏరుకుని కొని తెచ్చుకుంది ఈ ఆడవాళ్లను. ఇవి ఫోటోలు కావు, కుంచెతో వేసినవీ కావు. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం పరిచి రుద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. వెంట్రుక వెంట్రుకా చెక్కుతారు. ఇంత చెప్పి, ఈ పల్లెటూరి మనిషికి ఏం అర్థమవుతుందిలే అనుకుంది కాబోలు. మద్దమ్మ తల ఊపి, అరచెయ్యి బల్ల మీద టప్ టప్ మని కొట్టి చూపించింది. చీరకు అచ్చు అద్దడం. ఆమె మేనత్త వాళ్లు ఆ పనే చేసేవాళ్లు. ఒక రంగు ఆరాక ఇంకో రంగు, గుర్తు తప్పితే చీరంతా పాడు. మామా కళ్లు ఇంత చేసుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ జత కుదిరింది.

నాకీ సంగతులన్నీ ఎలా తెలుసంటే, పక్కింట్లో పని చేసింది నేనే. నా పేరు రమణి. హవల్లీ దాటాక జాబ్రియాలో ఇళ్లవి. రెండిళ్లకూ మధ్య గోడలో ఏసీ మెకానిక్కు కొట్టి వదిలేసిన కంత ఒకటి ఉండేది. చెంబు పట్టేంత కంత. మా కూరలు, చాడీలు, కన్నీళ్లు అన్నీ ఆ కంతలోంచే అటూ ఇటూ పోయేవి.

మద్దమ్మ పొట్టి మనిషి. గొంతు మాత్రం ఆరడుగులు. మొగుడు ఓబులేసు బావి తవ్వుతుంటే మందు పేలి పోయాడు, అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఏడేళ్లు అత్తింట్లో శనక్కాయలు పెరికి, ఎవరి మాట పడక, విమానం ఎక్కేసింది. నుదుటి మీద బొట్టు లేదు గానీ నోటి నిండా మాట ఉంది. ఆ ఎనిమిది మందికీ పేర్లు పెట్టింది. దుమ్ము దులుపుతూ ఒక్కొక్కరినీ పలకరించేది.

తల దువ్వుకునే ఆమెతో, "ఎంతసేపు దువ్వుతావు తల్లీ, జడ అల్లేవాళ్లు ల్యారా మీ ఇంట్లో?" అనేది.

జుట్టు కత్తిరించుకుని చేతిలో గ్లాసు పట్టుకున్న ఇంకో పిల్ల ఉంది. ఆమె ముందు ఆగి, "నువ్వు మాత్రం బాగుపడవు" అని ముందుకు పోయేది.

మంచులో గొడుగు ఆమె దగ్గర మాత్రం గొంతు తగ్గించేది. ఆ ఆడది బూడిదరంగు బట్ట కట్టుకుంది. తలలో దువ్వెన లేదు, పువ్వు లేదు, పెదవికి ఎరుపు లేదు. మిగతా వాళ్ల వెనక కాకిబంగారం పూసినట్టు తళుక్కుమంటుంటే, ఈమె వెనక ఒట్టి మంచే. "ఇది నా మాదిరే" అనేది మద్దమ్మ. "మొగుడు పోయినాడు దీనికి. మొగమే చెప్తాంది."

ఎండాకాలం వస్తే మామా వాళ్లు లండన్ పోయేవాళ్లు. పోయేముందు మామా తన చేతులతో పటాలు దించి, ఫ్రేములు విప్పి, ఆ కాగితాలను పలచటి తెల్లకాగితాల మధ్య పెట్టి, ఒక చెక్క పెట్టెలో పడుకోబెట్టేది. వెలుతురు తగిలితే రంగు పోతుందట. శుక్రవారం శుక్రవారం పెట్టె తెరిచి, తెల్ల దుప్పటి మీద గంటసేపు గాలికి పరచడం మద్దమ్మ పని.

తొంభైలో జులై నెలలో పోతూ పోతూ మామా చెప్పింది: "కడిగిన చెయ్యి, పొడి చెయ్యి. ఎండ వద్దు. నీళ్లు అసలే వద్దు. ఇంట్లో బంగారం పోయినా నేను నిన్ను అడగను మద్దమ్మా. వీళ్లు నా బనాత్, నా ఆడపిల్లలు. నేను వచ్చేసరికి ఎనిమిది మందీ ఉండాలి."

మద్దమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. అలా ఒట్టేస్తే మా వైపు వెనక్కి తీసుకోవడం ఉండదు.

ఆగస్టు రెండో తారీకు, గురువారం తెల్లారేసరికి ఇరాకు వాళ్లు వచ్చేశారు.

ఆ సంగతులు అందరికీ తెలిసినవే, నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా ఇంటి వాళ్లు మధ్యాహ్నానికే కారెక్కి సౌదీ వైపు పోయారు. కారులో చోటు లేదని తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. నా పాస్‌పోర్టు వాళ్ల లాకర్లో. మద్దమ్మది వాళ్ల బాబా లాకర్లో. ఇద్దరు ఆడవాళ్లం, రెండిళ్లు, ఒక కంత.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన రామాంజులు ఫహాహీల్లో లారీ డ్రైవరు. ఫోన్లు లేవు. బతికున్నాడో లేదో తెలియదు. మర్నాడు శుక్రవారం. మామూలు శుక్రవారం కాదు, శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం. ఆ ఏడు వ్రతానికి ఏడుగురు ముత్తైదువలకు పేరంటం చేస్తానని నెల ముందే మొక్కుకున్నాను. హవల్లీలో ఫ్లాట్లలో ఉండే మనవాళ్లను ఏడుగురినీ పిలుచుకున్నాను కూడా. ఇప్పుడు వాళ్లకూ నాకూ మధ్య రోడ్డు మీద ట్యాంకులు. మొక్కు తప్పితే మొగుడికి ముప్పు అని నా భయం.

కంత దగ్గర కూర్చుని ఏడుస్తుంటే అవతల నుంచి మద్దమ్మ గొంతు.

"యామ్మే రమణీ, యాల ఏడుస్తాండావు? ట్యాంకు నీ మీదికి వచ్చిందా?"

"ఏడుగురు ముత్తైదువులు కావాలక్కా. ఒక్కరు గూడా రాల్యా. నువ్వుండావంటే నువ్వు..." అని ఆగిపోయాను.

"నేను పనికిరానులే, చెప్పుకో, నాకు కొత్తనా?" అనేసి, "మా ఇంట్లో ఎనిమిది మంది ఆడోళ్లు ఉండారు గదమ్మే, ఊరికే పెట్టెలో పండుకోని. లేపితే పోలా?" అంది.

ముందు నేను నవ్వాను. తర్వాత ఆలోచించాను. లక్ష్మీదేవిని కొబ్బరికాయలో చూసుకునే వాళ్లం, ముత్తైదువను కాగితంలో చూసుకుంటే తప్పేముంది? కుంకుమ భరిణె తీసుకుని వెనక గేటు గుండా వాళ్లింటికి పోయాను. ఎటూ శుక్రవారమే, వాళ్లను గాలికి పరిచే రోజే.

తెల్ల దుప్పటి మీద ఎనిమిది మందినీ వరసగా పరిచింది మద్దమ్మ, కడిగిన చేత్తో, పొడి చేత్తో. తను మాత్రం దూరంగా వంటింటి గడప మీద కూర్చుంది. "నేను ఈడ్నే ఉంటా. నువ్వు కానీ" అంది.

ఇప్పుడు వచ్చింది చిక్కు. వీళ్లలో పెళ్లయినవాళ్లు ఎవరు? మెడలో తాళి లేదు. కాలి మెట్టెలు చూద్దామంటే కాళ్లే లేవు, అందరూ నడుము దాకానే.

"జాబు చదువుకుంటాంది చూడు, ఆమెకు పెండ్లయింది" అంది మద్దమ్మ గడప మీద నుంచి. "మొగుడు దుబాయిలో ఉండాడు. దినామూ అదే జాబు చదువుతాది. ఇంగోటి రాయడు ఆ నాబట్ట."

"స్నానం చేసి తుడుచుకునే ఆమె?"

"ఆమె కంటే మడి మనిషి యాడ దొరుకుతాది నీకు? పేరంటానికని తలంటు పోసుకోని వచ్చింది."

"ఈమె గోళ్లు తీస్తాందక్కా. శుక్రవారం పూట!"

"అరిష్టపు ముండ" అని కాసేపు తిట్టి, "జపానులో ఈపొద్దు శనివారం అయ్యుంటాదిలే, ఆడ పొద్దు ముందే పొడుస్తాది గదా" అని సర్దేసింది.

గ్లాసు పట్టుకున్న పిల్ల దగ్గర నేను మొండికేశాను. "తాగుతాండాది గదక్కా. తాగే ఆమెకు తాంబూలం ఇస్తే నా మొక్కు చెల్లుతాదా?"

"కువైటులో మందు యాడుంది? విమ్టో సర్బత్తు అది. ఎర్రగుండాది, కనపళ్యా?"

అద్దం ముందు పెదవికి రంగు వేసుకునే ఆమె, విసనకర్ర ఆమె, తల దువ్వుకునే ఆమె గురించి గొడవే లేదు. అంత అలంకారం చేసుకుంటున్నారంటే మొగుడు ఇంటికొచ్చే వేళ అయిందని అర్థం. లెక్క చూస్తే ఏడుగురు. మంచులో గొడుగు ఆమె మిగిలింది.

"దాన్ని పక్కన పెట్టు" అంది మద్దమ్మ. "దానికి పెట్టకూడదు."

ఆ ఒక్క కాగితాన్నీ లేపి, తన పక్కన గడప మీద, ఎండ తగలకుండా పడుకోబెట్టుకుంది.

నేను పీట వేసుకుని కూర్చుని, అలవాటు కొద్దీ కుంకుమను నీళ్లతో తడిపి, ఏడుగురి నుదుట ఏడు బొట్లు పెట్టాను. పాదాలకు పసుపు రాయాలి కదా, పాదాలు లేవు కాబట్టి కాగితం అడుగు అంచున రాశాను. ఆ మూల ఒక్కొక్కరికీ ఎర్రటి చిన్న ముద్ర ఉంది. అది మాకు కువైటులో ఉండడానికి కొట్టే ఇఖామా ముద్ర లాంటిది అయ్యుంటుందని, దాని మీద పడకుండా జాగ్రత్తగానే రాశాను. తమలపాకు లేక సలాడులో వేసే ఆకు, వక్క లేక ఖర్జూరం. ఏడు తాంబూలాలు. హారతి పట్టి, "ఇస్తినమ్మ వాయనం" అన్నాను. "పుచ్చుకొంటినమ్మ వాయనం" అని మద్దమ్మ గొంతు మార్చి ఏడు సార్లు బదులు చెప్పింది, ఒక్కొక్కరికి ఒక్కో గొంతు. గ్లాసు పిల్లకు కొంచెం తూలినట్టు.

కడుపు పట్టుకుని నవ్వాం. బయట ఎక్కడో ఫిరంగి మోగుతోంది. రెండు రోజుల్లో ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

తాంబూలాలు తీసి పెట్టెలో సర్దబోతుండగా మద్దమ్మ మొహం మారిపోయింది.

"రమణీ, కుంకం తడిపినావా?"

"తడపకుంటే ఎట్ల నిలుస్తాదక్కా?"

"నీళ్లు వద్దనింది గదమ్మే మామా!"

పొడి గుడ్డతో తుడిచి చూశాను. అది మామూలు కాగితం కాదు, బీటలు వారిన చేను. చుక్క పడింది, తాగేసింది. తుడిచే కొద్దీ బొట్టు వెడల్పయింది. తల దువ్వుకునే ఆమెకు ముందు ఆవగింజంత పెట్టానా, ఇప్పుడు అర్ధరూపాయి బిళ్లంత అయింది. మద్దమ్మ నా చెయ్యి మీద ఒక్కటి కొట్టి ఆపింది. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

తొమ్మిదో రోజు రామాంజులు వచ్చాడు. ఫహాహీల్ నుంచి సగం దూరం నడిచి, సగం ఎవరిదో కూరగాయల బండి మీద. నేను మెడ పట్టుకుని ఏడ్చాక, పేరంటం సంగతి చెప్పాక, ఆయన పెట్టె తెరిపించుకుని చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

మద్దమ్మ మాత్రం, "నీ మొగుడు దక్కినాడు. నా ఒట్టే నాశనమయింది" అంది. అది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆ మనిషి కుమిలిపోతోంది. ఎనిమిది మందీ ఉండాలంది మామా. ఉన్నారు, కానీ ఇలా.

మనవాళ్లు చాలామంది బస్సుల్లో బాగ్దాదు మీదుగా అమ్మాను పోయి విమానం ఎక్కుతున్నారని తెలిసింది. రామాంజులు మద్దమ్మను అడిగాడు. "పోతే వాళ్లను ఎవురు చూస్తారు?" అంది. ఆమెను వదిలి పోవడానికి మాకు మనసు రాలేదు. అందరం ఆ ఇంట్లోనే ఉన్నాం.

సైనికులు ఇళ్లు దోచుకోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు టీవీ, ఏసీలు, బల్బులు, ఆఖరికి బాత్‌రూము కుళాయిలు కూడా విప్పుకుపోయారు. బూట్లతో వంటింట్లోకి వచ్చిన ఒకడిని మద్దమ్మ చీపురు పట్టుకుని తెలుగులో తిట్టింది. వాడు బూట్లు విప్పి వచ్చి, మిక్సీ ఎత్తుకుపోయాడు. పనిమనిషి గదిలోకి మాత్రం ఎవరూ తొంగి చూడలేదు. ఆ గదిలో మంచం పరుపు కింద చెక్క పెట్టె. దాని మీదే మద్దమ్మ పడక.

అక్టోబరులో ఒక రోజు పొద్దున, రామాంజులు రొట్టె కోసం వరసలో నిలబడడానికి పోయినప్పుడు, ఒక ఆఫీసరు వచ్చాడు. వెనక ఇద్దరు జవాన్లు. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, మా ఊరి బడి పంతులులా ఉన్నాడు. టీవీ ఉండే చోటు చూడలేదు, ఏసీ కంతలు చూడలేదు. హాల్లో గోడకు ఆనించి ఉన్న ఎనిమిది ఖాళీ ఫ్రేములు చూసి ఆగిపోయాడు. ఒకటి తిప్పి, వెనక జపాను రాత మీద వేలు పెట్టి చదివాడు. చదవడం వచ్చో రాకో గానీ, మొహం వెలిగిపోయింది.

"వీటి లోపలివి ఎక్కడ?" అని అరబ్బీలో అడిగాడు.

"లండన్" అంది మద్దమ్మ.

ఫ్రేములు ఇక్కడ పెట్టి కాగితాలు లండన్ ఎవరు పట్టుకెళ్తారు? వాడు నమ్మలేదు. జవాన్లు ఇల్లంతా తిరిగి, చివరికి పరుపు ఎత్తారు.

పెట్టె బల్ల మీద పెట్టించి, వాడు ముందు జేబులోంచి రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. కడిగిన చెయ్యి, పొడి చెయ్యి. దొంగకున్న బుద్ధి నాకు లేకపోయెనే అని నాకు సిగ్గేసింది.

మొదటి కాగితం తీశాడు. తల దువ్వుకునే ఆమె. నుదుట అర్ధరూపాయి బొట్టు, అడుగున పసుపు. వాడి నోటి నుంచి కడుపులో పొడిచినట్టు ఒక మూలుగు వచ్చింది. రెండోది తీశాడు. మూడోది. "లా, లా, లా" అంటున్నాడు, వద్దు వద్దు అన్నట్టు. గోళ్లు తీసుకునే ఆమె దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసేసి కళ్లు నొక్కుకున్నాడు.

"ఎవరు చేశారిది?"

మద్దమ్మ నా ముందుకు వచ్చి నిలబడి, "అనా" అంది. నేనే అని.

"హరామ్! పాపం! నీకు సిగ్గు లేదా? ఎంత గొప్ప వస్తువులో తెలుసా? పాడు చేసేశావు!" అని వాడు తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు.

మద్దమ్మ నా వైపు తిరిగింది. "చూసినావా? ఎత్తకపోయేకి వచ్చినోడు నాకు హరామ్ చెప్తాండాడు."

ఒక్కో కాగితాన్నీ చీదరగా పక్కన పడేస్తున్నాడు. ఏడుగురూ పక్కకు పోయారు. బొట్టు పెట్టినవాళ్లు వాడికి అక్కర్లేదు! నాకది అర్థమయ్యేసరికి, వాడి చెయ్యి పెట్టె అడుగున ఉన్న చివరి కాగితం మీద పడింది.

మంచులో గొడుగు ఆమె. మచ్చ లేదు, మరక లేదు. వాడు రెండు చేతులతో లేపి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పెట్టి చూశాడు. నవ్వాడు. "వాహిదా" అన్నాడు. ఒక్కటి దొరికింది అని.

ఎనిమిది మందిలో వాడికి కావలసింది ఆమే అయింది. బొట్టు లేదని పక్కన పెట్టిన ఆమె.

"రమణీ, బర్ణె తే" అంది మద్దమ్మ.

"అక్కా, ఆమెకా? పెట్టకూడదని నువ్వే..."

"తే అంటాంటే!"

భరిణె నా నడుము సంచిలోనే ఉంది. తీసి మూత విప్పాను. ఆమె లాక్కుంది. బొటనవేలు నోట్లో పెట్టి తడి చేసుకుంది. కుంకుమలో ముంచింది. వాడు కాగితం కళ్ల ఎత్తుకు పట్టుకుని మురిసిపోతున్నాడు కదా, ఆ పొట్టి మనిషి కాలి మునివేళ్ల మీద లేచి, వాడి మోచేతి కింద నుంచి చెయ్యి చాపి, అతికించేసింది. పెళ్లిలో పెద్ద ముత్తైదువ పెట్టినట్టు, బొటనవేలంత బొట్టు. తొందరలో కొంచెం వంకరపోయి కనుబొమ్మ మీదికి జారింది.

వాడు చెయ్యెత్తాడు. మద్దమ్మ కళ్లు మూసుకోలేదు. వెనక జవాన్లలో ఒకడికి నవ్వు ఆగక దగ్గు వచ్చింది. ఆ దగ్గుకు వాడి చెయ్యి దిగిపోయింది. ఎవరో పోయినట్టు కాగితం బల్ల మీద పెట్టి, "మజ్నూనా" అన్నాడు. పిచ్చిదానా అని. మద్దమ్మ, "అవు సామీ, అవు" అంది.

ఒట్టి చేతులతో పోవడం నామోషీ కాబోలు, పోతూ పోతూ ఎనిమిది ఫ్రేములూ జవాన్ల చేత మోయించుకుపోయాడు.

గేటు మూసిన చప్పుడయ్యాక మద్దమ్మ కింద కూర్చుండిపోయింది. ఎర్రబడ్డ బొటనవేలు చూసుకుంది. "పద్నాలుగేండ్లయింది రమణీ, కుంకం ముట్టి" అంది. నేనేదో అనబోయేలోగా, "పొయ్యి మీద గెంజి పొంగుతాంది చూడు పో" అని కసిరింది.

తర్వాతి ఏడు ఫిబ్రవరిలో ఇరాకు వాళ్లు పోయారు. జూన్‌లో మామా వచ్చింది. నూనె బావులు కాలుతున్న పొగకు మధ్యాహ్నమే దీపాలు పెట్టుకునే రోజులవి. ఇంట్లో కుళాయి లేదు, కుర్చీ లేదు, గోడలకు స్విచ్చులు కూడా లేవు. ఆమె అవేవీ చూడలేదు. గుమ్మంలోనే, "నా బనాత్?" అంది.

ఎనిమిది నెలలుగా మద్దమ్మ అరబ్బీలో ఒక క్షమాపణ బట్టీ పడుతోంది. మాకు అప్పజెప్పింది కూడా. తీరా అప్పుడు ఒక్క ముక్క రాలేదు. పెట్టె తెచ్చి నేల మీద పెట్టి, గోడవారకు పోయి నిలబడింది. ఆమె వెనక నేను, నా వెనక రామాంజులు.

మామా ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టింది. ఎనిమిది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసింది. "ఇదేంటి?"

మా అరబ్బీ అంతా కలిపి, చేతులతో, మొహాలతో, మొత్తం కథ ఆడి చూపించాం. ఆఫీసరు వేషం రామాంజులు వేశాడు, ఆ పూట ఇంట్లో లేకపోయినా. మామా మొదట నవ్వింది, తర్వాత నుదురు కొట్టుకుంది, తర్వాత మద్దమ్మను దగ్గరికి లాక్కుని తల మీద ముద్దు పెట్టింది. గండం గడిచిందనుకున్నాం.

అప్పుడు అంది ఆమె: "ఏం పర్వాలేదు. లండన్‌లో ఇలాంటివి శుభ్రం చేసేవాడు ఒకడున్నాడు. పంపిస్తాను. రెండు నెలల్లో అన్నీ చెరిపేసి, ఎప్పటిలా చేసి ఇస్తాడు."

మద్దమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం.

"చెరిపేస్తాడా?" అన్నాను. నా వెనక రామాంజులు చెయ్యి తన గుండె మీదికి పోయింది.

మద్దమ్మ మామా ఎదురుగా కూర్చుంది. "మామా, మా దేశంలో ఆడదాని బొట్టు ఎప్పుడు చెరుపుతారో తెలుసా? మొగుడు పోయినప్పుడు. నాకు చెరిపినారు. పదో రోజు, తడిగుడ్డతో, మా అత్త, మా ఆడబిడ్డ. ఇట్ల రుద్దినారు." చేత్తో తన నుదుటి మీద రుద్ది చూపించింది. "ఈ ఏడుగురివీ ఈ రమణి మొగుడి కోసరం పెట్టినవి. ఆ ఒక్కటీ నేను పెట్టింది. ఒకసారి పెట్టినాక మళ్లా చెరపొద్దు మామా."

ఇదంతా అరబ్బీలోనే చెప్పింది, మాటకూ మాటకూ మధ్య వెతుక్కుంటూ. అంత పొడుగ్గా ఆమె అరబ్బీ మాట్లాడగా నేను వినలేదు.

"మద్దమ్మా, వాళ్లు కాగితం. కాగితానికి మొగుడెక్కడ ఉంటాడు?"

"పొయ్యేటప్పుడు నువ్వు కాగితాలు చూసుకో అనలేదే. బనాత్ అన్నావు."

మామా లేచి, ఏమీ లేని వంటింట్లోకి పోయి చాలాసేపు నిలబడింది.

వారం తిరక్కముందే ఎనిమిది కొత్త ఫ్రేములు వచ్చాయి, హవల్లీలో కట్టించినవి. మామా స్టూలు ఎక్కింది. సుత్తి దోచుకుపోయారు కాబట్టి రోకలిబండతోనే మేకులు కొడుతోంది. మద్దమ్మ కింద నుంచి ఒక్కొక్కరినీ అందిస్తోంది, బొట్టు మొహాలు తుడుస్తూ, అద్దం మీదే లెండి. మంచు ఆమె వంతు వచ్చేసరికి మామా చివరన, తలుపు చాటున ఒక చోటు చూపించింది. బొట్టు మరీ పెద్దది కదా, వచ్చేవాళ్ల కంట పడకుండా.

"ఆడ వద్దు" అంది మద్దమ్మ. "నడిమధ్యన. అందరి మధ్యన పెట్టు."

మామా స్టూలు మీద నుంచి ఆమెను చూసింది, పటాన్ని చూసింది. కొట్టిన రెండు మేకులు ఊడబీకి, కిందికి దిగి, స్టూలు మధ్యకు జరుపుకుంది.

"యల్లా మద్దమ్మా, గట్టిగా పట్టుకో. వంకరపోతోంది" అంది.